గాయపు మచ్చలు: వాని నివారణోపాయములు

శస్త్రచికిత్స జరిగిన రోగిని చూడబోవు బంధుమిత్రులు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. "ప్రాణభయము తప్పినదా?" యనునది మొదటిది, "కుట్లెన్నడు విప్పుదురు?" అనునది రెండవది. కుట్లు విప్పిన నాటితో కథ ముగిసినదని రోగియు, ఇంటివారును తలంతురు. దవాఖానా చీటి పెట్టె యడుగున చేరును. అటుపిమ్మట నా గాయమును గుఱించి యెవ్వరును తలపెట్టరు. ఐదాఱు మాసములు గడచినంతట, దారమువలె సన్నగా నుండవలసిన గీత త్రాడువలె ఉబ్బి, ఎఱ్ఱబాఱి, దురదయు మంటయు పుట్టించుచుండగా, "ఆపరేషను చెడినది" యని వైద్యుని నిందింతురు; లేదా బజారున కనబడిన లేపనమునెల్ల కొని పూయుదురు. వాస్తవమేమనగా, కుట్లు విప్పిన దినము గాయమునకు ముగింపు కాదు. మచ్చ యెట్లుండునో నిర్ణయమగు కాలము ఆ దినముననే యారంభమగును. ఈ సంగతిని మా చదువరులకు, ముఖ్యముగా విద్యార్థుల తలిదండ్రులకు, తెలియజేయుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విషయము మన ప్రాంతమువారికి మిక్కిలి దగ్గఱిది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్స మూలముగా జరిగినట్లు తేలెను. మన కరీంనగరము జిల్లాలో ఆ సంఖ్య నూటికి 80 దాటెను. ఇన్ని శస్త్రచికిత్సలు అవసరమా యనునది వేఱొక చర్చ. దానిని పెద్దలు చేయుచునే యున్నారు. మనకిచట కావలసినది యింతమాత్రమే: మనలో "పెద్దాపరేషను" అని వాడుకగా ననబడు నీ చికిత్స జరిగిన తల్లులు మన వీధివీధిని గలరు. వారికి మచ్చను గుఱించి చెప్పువారు మాత్రము తక్కువ. అపెండిసైటిస్ కొఱకును, హెర్నియా కొఱకును, రోడ్డు ప్రమాదముల పిమ్మటను శస్త్రచికిత్స పొందువారిని గూడ లెక్కించినచో, ఈ విషయము పట్టని యిల్లు మన జిల్లాలో నుండదనవచ్చును.

మొదట మచ్చ యెట్లేర్పడునో తెలిసికొందము. మన యూరి చెఱువుకట్టకు గండి పడిన సమయమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఊరివారెల్లరు పరుగెత్తి, చేతికందిన కంపను, రాళ్ళను, మట్టి బస్తాలను వేసి మొదట నీటిని ఆపుదురు. అప్పుడు చూపునకు అందము గాని, వరుస గాని యుండదు. నీరు నిలిచిన పిమ్మట తీరికగా ఆ కంపను తీసివేసి, మట్టిని దిమ్మిసచేసి, రాతికట్టు కట్టుదురు. శరీరము చేయు పనియు నిట్టిదే. తెగిన చోట నెత్తురు గడ్డకట్టి ద్వారమును మూయును. తెల్లరక్తకణములు వచ్చి సూక్ష్మజీవులను, మలినమును తొలగించును. అటుపై తంతువులను పుట్టించు కణములు చేరి, కొల్లాజెను అను మాంసకృత్తును త్వరత్వరగా అల్లి గాయమును నింపును. ఈ మొదటి అల్లిక కంపయు రాళ్ళును వేసిన కట్టవంటిది. తరువాతి మాసములలో శరీరము దానిని కొంచెము కొంచెముగా విప్పి, గట్టి కొల్లాజెనుతో క్రమముగా మరల నల్లును. మూడు వారములు నిండునప్పటికి గాయమునకు సహజ చర్మపు బలములో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే యుండును. మూడు మాసములకు నూటికి 80 పాళ్ళ వఱకు బలము వచ్చును. పూర్తి బలము మాత్రము ఎన్నటికిని రాదు. ఈ సవరణ పని సంవత్సరము వఱకు, ఒక్కొక్కప్పుడంతకు మించియు, సాగుచుండును.

మచ్చ యనగా మృతపదార్థమని భావించుట పొరపాటు. 1740లో ఇంగ్లాండునుండి బయలుదేరిన ఆన్సన్ అను నౌకాధిపతి వెంట వెళ్ళిన నావికులకు, తాజా కూరలును పండ్లును లేక స్కర్వీ యను వ్యాధి సోకెను. ఏబదియేండ్ల క్రిందట యుద్ధమున తగిలి పూర్తిగ మానిన యొక వృద్ధ నావికుని గాయము అప్పుడు మరల విచ్చుకొనినదని ఆ యాత్రావృత్తాంతమున వ్రాయబడియున్నది. కొల్లాజెను నిర్మాణమునకు విటమిన్ సి అవసరము. అది చాలనపుడు శరీరము పాత మచ్చను గూడ నిలుపుకొనజాలదు. కావున మచ్చ జీవించియున్న వస్తువు. జీవించియున్నది గనుకనే దానిని మంచి త్రోవకు మరలింపవచ్చును.

ఒక్కొక్కప్పుడు చెఱువుకట్ట బాగైన తరువాతను కూలీలు పని మానక మట్టి పోయుచునే యున్నచో నేమగును? కట్ట గుట్టయగును. కొందఱి చర్మమునందు నిట్లే జరుగును. దీనిలో రెండు విధములు గలవు. మొదటిది ఉబ్బుమచ్చ. ఇది సాధారణముగా నాలుగు మొదలు ఎనిమిది వారములలో ఉబ్బనారంభించి, గాయపు హద్దులు దాటక, కాలక్రమమున కొంత యణగిపోవచ్చును. రెండవది కెలాయిడు. ఇది గాయపు హద్దును దాటి ప్రక్కనున్న మంచి చర్మములోనికి ప్రాకును. నెలలు గడచిన పిమ్మట గూడ ఆరంభము కావచ్చును. తనంతట తాను తగ్గుట అరుదు. ఎండ్రకాయ డెక్కలవలె నిరువైపుల ప్రాకుటచే, 19వ శతాబ్దపు ఆరంభమున అలిబేర్ అను ఫ్రెంచి వైద్యుడు గ్రీకు భాషలోని "డెక్క" యను మాటనుండి దీనికి పేరు పెట్టెను.

ఈ స్వభావము కొన్ని కుటుంబములలో తరతరములుగా వచ్చును. నల్లని చర్మముగలవారికిని, పది మొదలు ముప్పది సంవత్సరముల ప్రాయమువారికిని ఎక్కువగ కలుగును. అనగా మన విద్యార్థులు సరిగా నీ ప్రాయముననే యున్నారు. రొమ్ము నడుమ, భుజములు, వీపు పైభాగము, చెవితమ్మె, దవడ అంచు దీనికి అనుకూలమైన స్థలములు. కనుఱెప్పలమీదను, అరచేతులలోను, అరికాళ్ళలోను ఇది కనబడుట చాల యరుదు. మనలో ననేకుల యెడమ భుజముపై శైశవమున వేసిన బి.సి.జి. టీకా మచ్చ కలదు. అది యుబ్బి పెద్ద గడ్డగా నున్నవారు తమకీ స్వభావము గలదేమో యని అనుమానింపవలెను.

మచ్చలను మార్చుటకు పైపూతలు వాడుట క్రొత్త యాలోచన గాదు. సుశ్రుతసంహితలో గాయములకు 60 ఉపక్రమములు చెప్పబడినవి. వానిలో కొన్ని గాయము మానిన చోట ఉబ్బును అణచుటకును, పల్లమును పూడ్చుటకును, చర్మపు రంగును మరల తెచ్చుటకును, రోమములు మొలపించుటకును ఉద్దేశింపబడినవి. నేడు పరీక్షించి తెలిసికొన్నదేమో వరుసగా చెప్పెదము.

మొదటి రెండు వారములలో చేయవలసిన పని ఒక్కటే: గాయము చీము పట్టకుండ, ఎండి పెచ్చు కట్టకుండ, చక్కగా మూసికొనునట్లు చూచుట. చీము పట్టిన గాయము ఆలస్యముగ మానును. ఆలస్యముగ మానిన గాయమే లావైన మచ్చయగును. గాయమును ఎండబెట్టవలెనని మన పెద్దలందురు. కాని 1962లో వింటర్ అను శాస్త్రజ్ఞుడు, తేమగా కప్పియుంచిన గాయములపై చర్మము గాలికి వదలిన వానికంటె ఇంచుమించు రెండింతలు వేగముగ ప్రాకునని జంతువులపై పరీక్షించి చూపెను. ఇందులకు వెలగల మందు అక్కఱలేదు. 1996లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, చర్మమునకు చిన్న శస్త్రచికిత్సలు జరిగిన 922 మందిలో కొందఱికి సాదా తెల్ల పెట్రోలియం జెల్లీని, కొందఱికి బాసిట్రాసిన్ అను సూక్ష్మజీవినాశక లేపనమును పూసి చూచిరి. చీము పట్టుటలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. పెద్ద ఆపరేషను జరిగినవారు మాత్రము గాయము నెప్పుడు కడుగవలెనో, దానిపై నేమి వేయవలెనో తమ వైద్యుని యడిగి ఆ ప్రకారమే చేయవలెను.

ఇచట మన యిండ్లలోని రెండు అలవాట్లను గుఱించి చెప్పక తప్పదు. పచ్చిగాయముపై పసుపు చల్లుట, గడ్డిచేమంతి యాకు పసరు పిండుట మనకు పరిపాటి. పసుపునకు మంచి గుణములు లేకపోలేదు. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో దానిని పండించి జీవించు మనము దానిని తూలనాడుట లేదు. కాని వంటింటి డబ్బాలోని పసుపు సూక్ష్మజీవులు లేని వస్తువు గాదు. శస్త్రవైద్యుడు శుభ్రముగా కుట్టిన గాయమునందు దానిని చల్లరాదు. రెండవది పథ్యము. పప్పు తిన్నచో చీము పట్టునని బాలింతకు కారమును అన్నమును మాత్రమే పెట్టు ఇండ్లు ఇంకను గలవు. చీము పట్టుటకు కారణము సూక్ష్మజీవులే గాని కందిపప్పు గాదు. గాయము నింపు కొల్లాజెను మాంసకృత్తు గదా! దానిని నిర్మించుటకు పప్పు, గ్రుడ్డు, పాలు, చేపలు కావలెను. విటమిన్ సి కొఱకు నిమ్మ, జామ, ఉసిరిక కావలెను. పైన పూయు మందు ఎంత మంచిదైనను లోపల సామగ్రి లేనిదే మేస్త్రి యేమి చేయగలడు?

కుట్లు విప్పి గాయము పూర్తిగా మూసికొన్న తరువాత రెండవ ఘట్టము మొదలగును. ఇచట ముఖ్య శత్రువు లాగుడు. 1861లో వియన్నా నగరపు లాంగర్ అను శరీరశాస్త్రజ్ఞుడు మన చర్మమునందు లాగుడు ఏయే దిక్కులకు గలదో పటములు గీసెను. ఆ గీతల వెంట కోసిన గాయము సన్నని మచ్చగా మానును. వానికి అడ్డముగా కోసినది లావగును. 1900లో ఫాన్నెన్‌స్టీల్ అను జర్మను వైద్యుడు పొత్తికడుపుపై అడ్డముగా కోయు పద్ధతిని ప్రకటించెను. నేడు కాన్పు శస్త్రచికిత్సలలో ఎక్కువగా నట్టి కోతయే వాడుకలో నున్నది. నిలువుకోతకంటె దీని మచ్చ మేలైనది.

లాగుడును తగ్గించుటకు అతి సులభమైన సాధనము కాగితపు టేపు. ఇది మందుల దుకాణములలో తక్కువ వెలకు దొరకును. 2005లో ఆస్ట్రేలియా వైద్యులు కాన్పు శస్త్రచికిత్స జరిగిన 70 మంది తల్లులతో పరీక్ష నారంభించి, కొందఱికి 12 వారములు మచ్చపై ఈ టేపు నంటించి, కొందఱికి ఏమియు నంటింపక చూచిరి. టేపు వేయనివారి మచ్చలే యెక్కువగా ఉబ్బెను. టేపును మచ్చ పొడవునకు అంటించి, స్నానము చేసినను తీయక, తనంతట నూడువఱకు ఉంచి, మరల క్రొత్తది వేయవలెను. చర్మము కందినచో మానివేయవలెను. మొదటి నెలలలో బరువైన బిందెలు, బస్తాలు ఎత్తకుండుట గూడ లాగుడు తగ్గించు ఉపాయమే.

రెండవ సాధనము సిలికోను. కాలిన గాయముల మచ్చలకు దీనిని వాడి ఫలము గంటిమని 1983లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించిరి. నాటినుండి దేశదేశముల వైద్యులు మచ్చల నివారణకు దీనిని మొదటి వరుసలో చెప్పుచున్నారు. ఇది పలుచని మెత్తని రేకుగాను, గొట్టములో జెల్లుగాను దొరకును. దీనిలో చర్మములోనికి దిగి పనిచేయు మందేమియు లేదు. క్రొత్త చర్మపు పైపొర పలుచనిది. దానిగుండ తేమ ఆవిరియై పోవుచుండును. తేమ తగ్గినకొలది పైపొరలోని కణములు క్రింది కణములకు "ఇంకను మట్టి పోయుడు" అని కబురు పంపుచుండును. సిలికోను ఆ తేమను నిలిపియుంచుటచే ఆ కబురు ఆగునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

దీనిని వాడు విధము తెలియక పలువురు ఫలము పొందలేకున్నారు. పచ్చిగాయముపై దీనిని వేయరాదు. గాయము పూర్తిగా మూసికొన్న తరువాతనే, అనగా సాధారణముగా రెండు వారముల పిమ్మట, మొదలుపెట్టవలెను. రేకును దినమునకు 12 గంటలకు తక్కువ గాకుండ, రెండు మూడు మాసములు ఉంచవలెను. దినదినము రేకును చర్మమును సబ్బుతో కడిగి ఆరనిచ్చి మరల వేయవలెను. జెల్లయినచో దినమునకు రెండుమార్లు పలుచగా పూసి ఆరనీయవలెను. వేసవిలో రామగుండము, ఆదిలాబాదు ప్రాంతముల యెండలలో రేకు క్రింద చెమట పట్టి చెమటకాయలు లేచుట కలదు. అట్టివారు రేకును రాత్రివేళ మాత్రము వేసికొని, పగలు జెల్లు పూయుటయో, కొన్నాళ్ళు ఆపి మరల మొదలుపెట్టుటయో మేలు.

దీని ఫలమును మించి చెప్పుట మాకిష్టము లేదు. 2013లో 20 పరీక్షలను, 873 మంది రోగులను కూర్చి పరిశీలించిన పండితులు, సిలికోను కొంత మేలు చేయునట్లు కనబడినను, ఆ పరీక్షలు మేలైన రీతిని జరుగలేదని, సాక్ష్యము బలహీనమని వ్రాసిరి. హాని తక్కువ గనుకను, వాడుట సులభము గనుకను వైద్యులు దీనిని సూచించుచున్నారు. కొనగలవారు కొనవచ్చును. కొనలేనివారు కాగితపు టేపుతో తృప్తి పడవచ్చును. అప్పు చేసి కొనవలసిన వస్తువు మాత్రము గాదు.

బజారున పేరుగాంచిన మఱికొన్ని పూతలను గుఱించి తెలిసికొనుట మంచిది. విటమిన్ ఇ మచ్చలను పోగొట్టునని చాల మంది నమ్మెదరు. 1999లో అమెరికా వైద్యులు ఇద్దఱు 15 మంది రోగుల మచ్చలను రెండు భాగములు చేసి, ఒక భాగమున విటమిన్ ఇ గల లేపనమును, రెండవ భాగమున అది లేని లేపనమును పూయించిరి. నూటికి 90 సందర్భములలో మేలు కలుగకపోవుటయో, మచ్చ మఱింత వికారమగుటయో జరిగెను. మూడవ వంతు మందికి చర్మము దద్దురెక్కెను. ఉల్లిసారముతో చేసిన లేపనములు కొన్ని పరీక్షలలో స్వల్పముగా నుపయోగించెను, కొన్నిటిలో ఉపయోగింపలేదు. వైద్యుని చీటి లేక కొని పూయు స్టీరాయిడు లేపనములు చర్మమును పలుచబఱచి క్రొత్త బాధలు తెచ్చును. కొబ్బరినూనెతో మచ్చను మెల్లగా మర్దన చేయుట చర్మమును మెత్తబఱచి దురదను తగ్గింపవచ్చును. మచ్చ లావును తగ్గించునని గట్టిగా చెప్పజాలము.

ఎండను మఱువరాదు. క్రొత్త మచ్చ ఎండ తగిలినచో నల్లబాఱి, ఆ నలుపు చిరకాలము నిలుచును. బట్టతో కప్పుట అన్నిటికంటె చవుకైన యుపాయము. ముఖము, చేతులవంటి చోట్ల ఎస్.పి.ఎఫ్. 30గాని అంతకు మించినదిగాని పూయవలెను. సంవత్సరము వఱకు నీ జాగ్రత్త యవసరము.

ఇవి యన్నియు చేసినను కెలాయిడు స్వభావముగలవారికి చాలకపోవచ్చును. మేమెఱిగిన యొక బాలిక చెవి కుట్టించుకొన్న కొన్ని మాసములకు తమ్మె వెనుక గడ్డ లేచెను. తోడివారు నవ్వుదురని ఆమె నడివేసవిలో గూడ జడ వేయక, వెండ్రుకలతో చెవిని కప్పుకొనుచుండెను. తలిదండ్రులు భయపడి, ఆ విద్య తెలియనివానిచేత దానిని కోయించిరి. ఏడాది తిరుగకముందే మొదటిదానికి రెండింతల గడ్డ లేచెను. కెలాయిడును కోసి యూరకుండుట క్రొత్త గాయము చేయుటయే. అట్లు చేసినవానిలో సగమునకు తక్కువగాకుండ మరల వచ్చునని వైద్యుల యనుభవము. చర్మవైద్యులు గడ్డలోనికి స్టీరాయిడు సూదిమందు నెక్కించుట, చెవికైనచో ఒత్తు పోగు తొడుగుట, కోసిన వెంటనే తగిన చికిత్సను కూర్చుట మొదలగునవి చేయుదురు. ఆ బాలికకు తుదకిట్టి చికిత్సయే జరిగి గడ్డ చాలవఱకు అణగెను. నేడామె రెండు జడలతో తిరుగుచున్నది.

కావున శస్త్రచికిత్సకు ముందే, "మా యింట నిట్టి మచ్చలు గలవు, నాకు టీకా మచ్చ యుబ్బినది" యని వైద్యునికి చెప్పవలెను. ఆ యొక్క మాట విన్నచో ఆయన కోత దిక్కును, కుట్టు విధమును, తరువాతి చికిత్సను ముందే యోచించును. కోత తరువాత జ్వరము, ఎఱుపు, చీము కనబడినచో ఆ దినమే దవాఖానాకు పోవలెను. ఆఱు వారములకు మచ్చ ఉబ్బుచున్నట్లు తోచినచో బజారు పూతలతో కాలము గడపక, చర్మవైద్యునికి చూపవలెను. కరీంనగరమునను, ఆదిలాబాదునను వైద్యకళాశాలల దవాఖానాలు గలవు. ఉబ్బుట మొదలిడినప్పుడే చూపిన మచ్చ సులభముగా లొంగును.

విద్యార్థులారా! మీ తోడివారి చెవిమీదనో, రొమ్ముమీదనో ఇట్టి మచ్చ కనబడినచో నవ్వకుడు. అది అంటువ్యాధి గాదు, వారి తప్పును గాదు. మీ యింట బాలింత యున్నచో ఆమె ఎత్తవలసిన నీళ్ళ బిందెను మీరెత్తుడు; ఆమె పళ్ళెములో పప్పు వడ్డింపుమని అమ్మమ్మకు నెమ్మదిగా చెప్పుడు. సువార్తలోని మంచి సమరయుడు గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టు కట్టి, తన దారిని పోలేదు. పూటకూళ్ళ యింటికి తోడ్కొనిపోయి, తరువాతి పరామర్శకు సొమ్మిచ్చి, మరల వచ్చెదనని చెప్పి పోయెను. కట్టు కట్టుట ఒక గడియ పని. కట్టు విప్పిన పిమ్మటి పరామర్శ సంవత్సరము పని. అది వైద్యునిది గాదు, ఇంటివారిది.